తొమ్మిదింటికి ముందు

గేటు తొమ్మిదింటికి తెరుస్తారట.
ఎనిమిదీ ఇరవైకే బస్సు నన్ను దింపేసి పోయింది.
ఒటాగో కొండల మీద పొద్దుటి మంచు ఇంకా బిగిసే ఉంది,
గాలిలో వాము నలిపిన వాసన.
వాము కాదు, థైమ్.
గనికొచ్చిన వాడెవడో కూరలోకని తెచ్చి పాతితే
వాడు పోయాక కూడా కొండలెక్కుతూనే ఉంది.

కంచె సందులోంచి ఒకావిడ కనబడింది,
ఉన్ని టోపీ, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు.
పొడుగాటి చెక్కతొట్టి మీదికి వంగి
హోమియో మందంత సీసా మూత తీసి
పులుసులో ఇంగువ వేసినంత పొదుపుగా
ఇసుకలో ఏదో చల్లుతోంది.

నన్ను చూసి ఉలిక్కిపడలేదు, దాచనూ లేదు.
"పదింటికి బడిపిల్లలొస్తారు.
తలా ఒక్క రేణువైనా తగలకపోతే
ఇంటికెళ్ళి ఏం చెప్తారు?"
"ఎక్కడిది ఇది?"
"కొంటాం. పార్సెల్లో వస్తుంది."

ముప్పై ఏళ్ళు ఈ ఏటిని
గిన్నె అడుగు గీకినట్టు గీకి
మాడు కూడా మిగల్చకుండా పట్టుకుపోయారు.
ఇవాళ ఈ ఊరు బంగారం పార్సెల్లో తెప్పించుకుని
తన మట్టిలో తనే కలుపుకుంటోంది.

ఆవిడ పేరు విల్మా టాగర్ట్.
టికెట్టు చించిందీ ఆవిడే, తాళాలు తీసిందీ ఆవిడే.
బ్యాంకులో తక్కెడ,
గురిగింజకన్నా చిన్న తూకంరాళ్ళు దూదిలో పడుకున్నాయి.
మనిషి ఊపిరికి కూడా ముల్లు మొగ్గుతుందని
తవ్వి తెచ్చినవాణ్ణి గడప అవతలే నిలబెట్టేవారట.
సారాకొట్టులో వరసగా ఖాళీ సీసాలు.
"వారానికోసారే తుడుస్తాం," అంది,
"మరీ తళతళలాడితే జనం నమ్మరు."

దుకాణంలో, అద్దం కింద ఖాతాపుస్తకం.
నల్ల సిరా గోధుమరంగుకు తిరిగింది.
చైనా జాన్, పొడుగు.
చైనా జాన్, కుంటి.
చైనా జాన్, ఏటి ఒడ్డు.
రాసినవాడికి అందరూ జాన్‌లే.
మూడో జాన్ కింద
బియ్యం, కొవ్వొత్తులు, గుడిసె అద్దె, బూట్లు ఒక జత.
మిగతా పద్దులన్నిటి మీదా అడ్డగీత ఉంది,
బూట్ల మీద లేదు.

"మా ముత్తాత దస్తూరీ," అంది విల్మా.
"మా ఇంట్లో ఎవరైనా డబ్బు ఎగ్గొడితే
ఏటి ఒడ్డు జాన్ అనేవాళ్ళం."
నవ్వబోయింది, పూర్తి చెయ్యలేదు.

ఆ గుడిసె చూపించడానికి తనే దిగివచ్చింది
ఏటి దాకా, తుంపర మొదలైనా.
కొండరాతికి ఆనించి పేర్చిన పలకలు,
ఎంతటివాడైనా తల వంచితే తప్ప దూరలేని గుమ్మం.
లోపల పొయ్యి, మసి,
గోడ మీద మేకుతో గీకిన మూడు అక్షరాలు.

నూరేళ్ళు ఎవరికీ చదవడం రాలేదు.
పేరన్నారు కొందరు. ప్రార్థనన్నారు.
బంగారం దాచిన చోటికి గుర్తని
ఒకడు రాత్రిపూట వచ్చి పొయ్యి కింద తవ్విపోయాడు,
ఎలుక కూడా దొరకలేదు.

పోయినేడు ఒక అమ్మాయి వచ్చింది,
డనీడిన్‌లో పళ్ళ డాక్టరు చదువుతోందట, ఊరు గ్వాంగ్‌జౌ అవతల.
టార్చి వేసి చూసి
"ఇక్కడ కారుతుంది," అంది.
"ఏం కారుతుంది అని అడిగాను, మొద్దులా," అంది విల్మా.
"వాన, అంది ఆ పిల్ల. అదే రాశాడు."

చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది.
"గుడిసె కూడా మా ముత్తాతదే."
ఇంకేం అనలేదు.

పైన కొత్త రేకు వేశారు, ట్రస్టు డబ్బుతో.
ఊళ్ళోంచి పిల్లల కేకలు,
ఎవరికో దొరికింది,
వెంటనే ఇంకెవరికో.
ఆవిడ గడియారం చూసుకుని గట్టెక్కి పోయింది.

నేను ఆ మూడక్షరాల పక్కనే నిలబడ్డాను.
రేకు మీద వాన గట్టిగానే పడుతోంది.
అరచెయ్యి చాపాను,
చాలాసేపు.
ఒక్క చుక్క పడలేదు.